ఇరవై ఇత్తడి పిన్నులు

దీపావళికి ఇంక తొమ్మిది రోజులుంది.
బాలానగర్‌ల మా షెడ్డు ముందు ఆటో ఆగి
మిఠాయి డబ్బాలు దిగినయి, మూడు సైజులు.
పెద్దదాంట్ల కాజు కత్లీ, నడిమిదాంట్ల మోతీచూర్,
చిన్నదాంట్ల సోన్ పాపిడి.
అది ఎవరూ తినరు, కొనుడు ఎవరూ మానరు.

స్వరూప లిస్టు తెచ్చింది.
ఎవరు ఎంత ఆర్డరిచ్చిన్రు,
తొంభై రోజులన్నోళ్లు ఎవరు నూట ఎనభైకి దిగిన్రు,
ఎవరి చెక్కు రెండుసార్లు తిరిగొచ్చింది,
అంతా ఆమెకు కంఠతా.
టర్నోవరును బట్టి తీపి:
పది లక్షలు దాటితే కాజు,
లక్ష దాటితే లడ్డు,
అంతకు కిందున్నోళ్లకు ముట్టుకుంటే రాలే పొరలు.

అన్ని డబ్బాల మీద ఒకటే కార్డు,
"మీ ఆదరణకు కృతజ్ఞతలు."
మోటార్ల కంపెనీ పర్చేజ్ మేనేజరుకూ అదే,
మూడేండ్లుగా బాకీ ఎగ్గొడుతున్న వాల్వుల సేటుకూ అదే.
నూట అరవై కార్డులు
నేనన్నట్టే అంటున్నయి.
నేనొక్కసారి కూడ అన్లే.

ఆఖరి లైను కాడ స్వరూప పెన్ను ఆగింది.
"ముకర్రం సాబ్, హార్మోనియం రిపేర్లు.
ఏడాదికొక్క ఆర్డరు, ఇరవై ఇత్తడి పిన్నులు,
మూడువందల నలభై రూపాయలు.
సోన్ పాపిడి, పంపే ఖర్చు కలిపితే
మనకే ఎదురు పడ్తది సార్. కొట్టేద్దునా?"

లేత్ మీద రాడ్డు తిరుగుతనే ఉంది.
నాకు ఆ ఎండాకాలం యాదికొచ్చింది.
ఊరంత తాళమేసుకున్న ఎండాకాలం.
షట్టరు సగమెత్తి లోపల్నే కూసునేటోణ్ని.
ఫోను మోగితే వడ్డీ అడిగేటోడు,
లేకుంటే ఆర్డరు ఆపమనేటోడు.
గుడ్డ కప్పితే అంత పెద్ద మెషిన్
ఎంత చిన్నగ కనబడ్డదో!

ఏ బారికేడు సందులకెళ్ల దూరిండో,
సైకిలు తోసుకుంట ముకర్రం సాబ్ వచ్చిండు,
మూతికి దస్తీ కట్టుకొని.
"ఇరవై పిన్నులు. జల్దీ ఏం లేదు," అని
పైసలు ముందే స్టూలు మీద పెట్టిండు.
ఆ ఎండాకాలం ఎవరు పాడుతున్నరని హార్మోనియం?
నేనడగలే, ఆయన చెప్పలే.
గుడ్డ తీసిన.
ఇరవై పిన్నులకు గంట చాలు.
నేను మూడు రోజులు చేసిన.

"కొట్టెయ్యకు," అన్న.
"ఆ పెద్ద డబ్బా ఒకటి ఇటు తే. నేనే ఇచ్చొస్త."

ఆదివారం. పటాకుల దుకాండ్లు, ఎటు చూసినా జనం.
మొజంజాహి మార్కెట్ దాటేదాంక
ఏమనాలెనో మనసుల అనుకుంటనే పోయిన.
గల్లీల ఆ దుకాణం, ఇద్దరు నిలబడితే నిండిపోతది.
తీరా ఎదురుంగ నిలబడితే
కృతజ్ఞత అనే మాట నోట్లకు రాలే.
అది అచ్చుల నిలబడ్డంత సుళువుగ నాలుక మీద నిలబడదు.
"పండుగకు" అని డబ్బా చేతిల పెట్టిన, అంతే.

ఆయన మూత తీసి చూసి
"ఇంతదా? నీ దగ్గర నేనేం కొన్ననని?" అన్నడు.
షుగరట. గోరంత ముక్క తుంచుకొని
మిగిలింది పనిపిల్లగానికిచ్చిండు.
అటెన్క ఒక పెట్టె ముందుకు లాగి
ఒక మెట్టు నొక్కిండు.
"వినబడ్తుందా?"
"సురు మంచిగుంది."
"సురు కాదు. కట్టె చప్పుడు."
మళ్ల నొక్కిండు. చెవి ఆనించిన.
"లేదు కద?
బజారు పిన్నులైతే ప్రతి మెట్టూ టక్కుమంటది.
నీ పిన్ను ఉన్నట్టే తెల్వది.
పన్నెండేండ్ల సంది నీకు చెప్పాలె చెప్పాలె అనుకుంటున్న.
ఆర్డరిచ్చుడు, పోవుడు. ఎప్పుడూ మరిచిపోత."

నేను ఇయ్యబోయింది
ఆయన నాకిచ్చేసిండు.
తిరుగు బాకీ ఎట్ల రాసుకోవాల్నో తెల్వక
చాయ్ తాగిన, ఇంకో చాయ్ తాగిన.
లేస్తుంటే అన్నడు:
"ఈసారి ఇరవై రెండు చెయ్యి."

సోమవారం స్వరూప బుక్కుల ఎక్కించింది:
ఇరవై రెండు పిన్నులు,
మూడువందల డెబ్బై నాలుగు.
"పది శాతం పెరిగింది సార్,"
అని నవ్వి, పేజీ తిప్పింది.
కార్డు ఇంక నా జేబులనే ఉంది,
చెమటకు మెత్తబడి.